గడ్డం కింద అరచెయ్యి

ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి పాఠం వచ్చింది, ఒక్క పిల్లకు రాలేదు. ఆ ఒక్క పిల్ల నా పరువు తీసేస్తుందని నా బెంగ. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నాకు పరువు ఉందని నేను తప్ప ఇంకెవరూ అనుకోని వయసు.

మా గురువు పేర్రాజుగారు మృదంగం చెప్పేవారు. గోదావరి కాలవ పక్కన చిన్న ఊరు, చిన్న పెంకుటిల్లు. పదకొండో ఏట ఆ వసారాలో అడుగుపెట్టి, మరో పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాను. ఆ ఏడు మాఘమాసంలో ఆయన కంట్లో శుక్లాలు తీయించుకోడానికి కాకినాడ వెళ్తూ చిన్నపిల్లల పాఠం నాకు అప్పజెప్పారు. నవమి పందిట్లో పిల్లలు పాఠం చెప్పాలి, చూసుకో అన్నారు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

ఆయన ఇంట్లో ఒక ఆచారం ఉండేది. చేరిన పిల్లలు మృదంగాన్ని ముట్టుకోకూడదు. ముందు నోటితోనే పాఠం. తొడ మీద తాళం వేస్తూ త, ది, తోం, నం అని మొదలుపెట్టి, తకిట, తకధిమి దాటి, తరికిట దాకా రావాలి. నోట్లో శుభ్రంగా పలికిన పాఠమే చేతిలోకి దిగుతుందని ఆయన నమ్మకం. ఏటా శ్రీరామనవమి పందిట్లో పిల్లలంతా కలిసి ఆ పాఠం చెప్పేవారు. మర్నాడు దశమి పొద్దున, పాఠం వచ్చిన ఒక్కొక్కరి కుడిచెయ్యీ పట్టుకుని గురువుగారు మృదంగం మీద పెట్టేవారు. ఆ రోజు నుంచి వాళ్లు శిష్యుల కింద లెక్క. పాఠం రానివాళ్లు మెల్లగా మానేసేవారు.

రాని పిల్ల పేరు ఎస్తేరు. ఆరేళ్లు నిండి ఏడు నడుస్తోంది. వాళ్ల నాన్న యాకోబు మా మృదంగాలకు తోలు మూతలు కట్టి, వార్లు బిగించి ఇచ్చేవాడు. ముందు సంవత్సరం దసరాకు మృదంగం పట్టుకొచ్చి, వెళ్లకుండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఏమిటి యాకోబూ అని గురువుగారు అడిగితే గానీ నోరు విప్పలేదు.

"మా తాత కాణ్ణించీ కడతన్నామండి. వాయించినోళ్లు మాత్రం మా ఇంట్లో లేరండి. ఈ పిల్లకి చెవుందండి అయ్యగారూ. నేను మూత బిగిస్తావుంటే శ్రుతి కుదరకపోతే అడ్డంగా తలూపుద్దండి."

రేపు పొద్దున ఆరింటికి పంపు అన్నారు గురువుగారు. ఊళ్లో కొందరు పెద్దలు ముఖాలు చిట్లించారు. ఆయన ఆ ముఖాలను పట్టించుకోలేదు. ఎలాగూ కళ్లు సరిగ్గా కనబడవు కదా అని మేం చాటున నవ్వుకున్నాం.

అలా వచ్చిన పిల్లను పంపించేస్తే యాకోబు వాళ్ల పేటలోంచి మళ్లీ ఎవరూ ఆ మెట్లెక్కరు. మేం ముందే చెప్పాం కదా అని ఊళ్లో పెద్దలు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఇంత పెద్ద సంగతి అప్పుడు నా చిన్న బుర్రకు తట్టలేదు.

ఎస్తేరుకు త వచ్చు, ది వచ్చు, తోం నం వచ్చు. తకిట అనమంటే తకిత అనేది. తరికిట దగ్గరకు వచ్చేసరికి బండి బురదలో దిగబడేది. తలికిత అనేది. తయికిత అనేది. కాస్త జోరు పెంచితే తయితిత అని మింగేసేది. అక్షరం ఎలా పోయినా తాళం మాత్రం పోయేది కాదు. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే పడేది. అది నేను గమనించాను గానీ ఆ పిల్ల ఖాతాలో వెయ్యలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. తరికిటతక అని మూడో కాలంలో ఊపిరి తిప్పుకోకుండా అంటే రేకుల మీద వాన కురిసినట్టుందని ఒకాయన నన్ను మెచ్చుకున్నాడు. ఆయన అన్నది ఒకసారి. నేను తలుచుకున్నది వెయ్యిసార్లు. ఇంత గొప్ప నాలుక ఉన్నవాడి దగ్గర చదువుకుంటూ ఆ పిల్ల తలికిత అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

చేతనైన వైద్యాలన్నీ చేశాను. నాలుక అంగిట్లో ఎక్కడ తగలాలో నోరు తెరిచి చూపించాను. కోప్పడ్డాను. బెల్లం ముక్క ఆశపెట్టాను. చివరికి వందసార్లు చెప్పించాను. ఒకే తప్పు వందసార్లు చేస్తే పట్టుకుని దిద్దొచ్చు. ఆ పిల్ల పాతిక రకాల తప్పులు చేసింది. మధ్యలో ఒకసారి, నలభయ్యోసారో ఎప్పుడో, చక్కగా తరికిట అంది. నేను ఎగిరి గంతేసి మళ్లీ అనమన్నాను. తలికిత అంది.

అంటే చేతనయ్యీ చెయ్యడం లేదని తీర్మానించేశాను. నీకు శ్రద్ధ లేదు అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని, "ఉంది మాత్తాలూ" అంది. మాస్టారు అనడం కూడా దానికి అలాగే వచ్చేది.

నవమి ఇంకా పది రోజులుందనగా నాకో ఉపాయం తట్టింది. ఎస్తేరును పిలిచి, నువ్వు నోరు మాత్రం కదుపు, పైకి అనకు అని చెప్పాను. ఆ పిల్ల అలాగే చేసింది. చెప్పిన మాట వినడంలో దానికి సాటి లేదు. మిగతా ఐదుగురి పాఠం ఒక్క గొంతులా పలికింది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆరు నోళ్లు కదులుతూ కనిపిస్తాయి. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రమే యాకోబు బాగుచేసిన మృదంగం ఇచ్చిపోవడానికి వచ్చాడు. నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, పిల్లకు నాలుక తిరగదని, నవమి అయ్యాక మాన్పించేయమని, పసిదాన్ని కష్టపెట్టడం ఎందుకని చెప్పాను.  అతను చేతిలో ఉన్న తోలు వారు ముడి వేసి, విప్పి, మళ్లీ ముడి వేశాడు.

"మీరు చెప్పాక ఇంకేముందండి బాబుగారూ. ఇంటికాడ మాత్రం పొద్దుగూకులూ అదే అంటా ఉంటాదండి. మేకలకి కూడా పాఠం చెప్తాదండి" అని వెళ్లిపోయాడు.

నా నెత్తిమీద బరువు దిగిపోయినట్టనిపించింది. అది ఎవరి నెత్తిమీదకు దిగిందో చూడలేదు.

మరో మూడు రోజులకు, రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయ్యాక, గురువుగారు తిరిగొచ్చారు. కళ్ల మీద పచ్చ గుడ్డ కట్టి ఉంది. వారం దాకా విప్పకూడదని డాక్టరు చెప్పాడట. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వసారాలో పడక్కుర్చీలో కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగి, పిల్లల్ని చెప్పమను అన్నారు.

పిల్లలు బ్రహ్మాండంగా చెప్పారు. నేను పొంగిపోతూ ఆయన ముఖంలోకి చూశాను. ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాయి. పాఠం అయ్యాక కూడా కొంచెంసేపు అలాగే వేశాయి.

"ఎంతమంది కూచున్నారు?"

"ఆరుగురండి."

"ఐదుగురే చెబుతున్నారు."

నేను వేసిన ఎత్తు కళ్లున్నవాళ్ల కోసం. చూపు లేని మనిషి ముందు అది పారలేదు. ఇక దాచి లాభం లేక అంతా చెప్పేశాను. నాలుక తిరగని సంగతి, నోరు కదపమన్న సంగతి, యాకోబుతో అన్న మాటలు, అన్నీ. ఆయన తిట్టి ఉంటే బావుండేది. తిట్లకు నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన తిట్టలేదు.

ఎస్తేరమ్మా, ఇలా రా తల్లీ అని పిలిచారు. పిల్ల వెళ్లి కుర్చీ ముందు నిలబడింది. ఆయన కుడిచెయ్యి గాలిలో వెతుక్కుని, దాని భుజం దొరికాక, అక్కణ్ణించి చెంప మీదుగా దిగి, గడ్డం కింద అరచెయ్యి ఆనించారు. చెప్పమ్మా అన్నారు.

పిల్ల తొడ మీద తాళం వేసుకుంటూ నోరు కదపడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. నేను నేర్పిన పాఠం అదే కదా. గురువుగారి అరచెయ్యి మాత్రం కిందికీ మీదికీ ఊగుతోంది.

"పైకి చెప్పు తల్లీ."

పిల్ల ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది. చెప్పొచ్చా అని నన్ను అడుగుతోంది ఆ చూపు. ఇన్నేళ్లలో చాలామంది చాలా మాటలన్నారు నన్ను, ఏదీ నన్ను అంత సిగ్గుపెట్టలేదు. చెప్పు అన్నాను. 

ఎస్తేరు గొంతెత్తి చెప్పింది. త ది తోం నం, తకిత, తలికిత, తయికిత. తాళం ఒక చుట్టు తిరిగేసరికి ఒక ఆవృత్తం పూర్తిచేసింది. మిగతా పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు గానీ నవ్వలేదు.

"ఇప్పుడు నువ్వు పట్టుకో కామేశం" అన్నారు గురువుగారు.

నేను కదల్లేదు. ఇక్కడ నిజం చెప్పాలి. తాళం తప్పిన పిల్లల చెయ్యి పట్టుకుని వేయించడం మా పద్ధతి. రెండు నెలల్లో ఐదుగురి చేతులూ ఎన్నోసార్లు పట్టుకున్నాను. ఎస్తేరు చెయ్యి ఒక్కసారీ పట్టుకోలేదు. దానికి తాళం తప్పదు కనుక పట్టుకునే అవసరం రాలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకు పట్టుకోలేదో నాకు తెలుసు, గురువుగారికి తెలుసు, ఆ పిల్లకు కూడా తెలిసే ఉంటుంది.

 ఆయన తన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నేను వెళ్లి ఎస్తేరు ముందు కూర్చుని, దాని గడ్డం కింద అరచెయ్యి పెట్టాను.

"చెప్పమ్మా" అన్నాను.

నా అరచేతిలో ఆ బుల్లి గడ్డం కొట్టుకోవడం మొదలుపెట్టింది. త అంటే దిగింది. రి అనబోయి దిగింది. కి అంటే దిగింది, ట అనబోయి దిగింది. అక్షరం అక్షరానికీ కింది దవడ మొత్తం దిగి, మళ్లీ లేస్తూ, నాలుకను చంకనెత్తుకుని పైకి తీసుకెళ్తోంది. నాలుకకు ఇంకా సొంత కాళ్లు రాలేదు. నాలుగక్షరాల కోసం దవడ నాలుగు మోతలు మోస్తోంది. ఒక్కోసారి సరైన చోట దించుతోంది, ఒక్కోసారి కొంచెం అటో ఇటో దించేస్తోంది. జోరు పెంచితే పరుగెత్తలేక మధ్యలోనే వదిలేస్తోంది. ఇంత పని ఆ పిల్ల వందసార్లు చేసింది, నేను చెయ్యమన్నానని. శ్రద్ధ లేదన్నది నేనే.

"ఇప్పుడు నీది పట్టుకుని చెప్పు" అన్నారు గురువుగారు.

నా గడ్డం కింద నా చెయ్యే పెట్టుకుని తరికిట అన్నాను. గడ్డం కదల్లేదనే చెప్పాలి. దవడ ఒకచోట నిలబడి ఉంది. నాలుక ఒక్కటే లోపల తిరగాల్సిన చోటల్లా తిరిగి వచ్చింది.

"ఏం కదిలింది?"

"పిల్లకు దవడంతా కదులుతోందండి. నాకు నాలుక ఒక్కటే."

"ఎప్పటినుంచి నీకలా?"

జ్ఞాపకం లేదండి అన్నాను. నిజంగానే లేదు. పుట్టుకతోనే వాన కురిపించానని అనుకుంటున్నాను కాబోలు. నాకు జ్ఞాపకం లేని ఆ కాలమంతా ఎవరో ఒకరు నా ఎదురుగా కూర్చుని, వంకరగా వచ్చినదాన్ని మాట కిందే లెక్కగట్టి, జవాబు చెప్పి ఉంటారు. మా అమ్మ, మా నాయనమ్మ, బళ్లో పంతులుగారు. నోరు కదుపు, పైకి అనకు అని వాళ్లెవరూ నాతో అనలేదు. అంటే నేను ఇక్కడి దాకా వచ్చేవాణ్ణి కాదు. ఒక్కరికైనా అందుకు దండం పెట్టిన గుర్తు లేదు నాకు.

గురువుగారు అక్కడితో వదల్లేదు. పిల్ల ఎంత నెమ్మదిగా చెప్పిందో అంతే నెమ్మదిగా నన్ను చెప్పమన్నారు. ఇదేమంత అని మొదలుపెట్టాను. అంత నిదానంలో ఒక అక్షరానికీ మరో అక్షరానికీ మధ్య ఎక్కడ నిలబడాలో తెలియలేదు. రెండో ఆవృత్తంలో ఆగాల్సిన చోట ముందుకు పడ్డాను. మూడోదాంట్లో తాళమే పోయింది. పిల్లలు ఈసారి దాచుకోకుండా నవ్వారు. ఎస్తేరు మాత్రం నవ్వలేదు. నాకు కనబడేలా చెయ్యి కాస్త పైకెత్తి తాళం వేసి చూపించింది. దాని తాళం పట్టుకుని నేను పాఠం ఒడ్డుకు చేర్చాను.

నవమికి అందరూ ఈ నడకలోనే చెప్పాలి, ఆరు గొంతులూ వినపడాలి అన్నారు గురువుగారు. యాకోబుకు నువ్వే వెళ్లి చెప్పు అని కూడా అన్నారు.

ఆ పేటకు నేను వెళ్లడం అదే మొదటిసారి. యాకోబు ఇంటిముందు మేకలు కట్టి ఉన్నాయి, గోడకు తోళ్లు ఆరేసి ఉన్నాయి. నన్ను చూసి కంగారుపడి గోనెపట్టా దులిపి పరిచాడు. నేను తప్పు చెప్పాను యాకోబూ, పిల్లను మాన్పించకు అన్నాను.  అతను భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, మంచినీళ్లు తాగుతారా బాబుగారూ అని అడిగాడు. తాగుతానన్నాను. లోపలికి కేకేసి చెంబుతో తెప్పించాడు. ఆ నీళ్లు తాగి వచ్చాను.

నవమి నాడు పందిట్లో ఆరుగురూ నత్తనడకన పాఠం చెప్పారు. ఆ నడకలో మిగతా ఐదుగురి లొసుగులు కూడా బయటపడ్డాయి. జోరులో కలిసిపోయినవన్నీ విడివిడిగా వినపడ్డాయి. మధ్యలో ఎస్తేరు అనే తలికిత ధైర్యంగా వినపడింది. ఇంత నీరసంగానా అని ఒకాయన విసుక్కున్నాడు. గురువుగారు ఆయన వైపు చెవి కూడా తిప్పలేదు. పందిరి చివర గుంజ పట్టుకుని యాకోబు నిలబడి ఉన్నాడు. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని అతను ఎదురుచూడలేదు. ఆరో గొంతు ఒక్కటే వింటున్నాడు.

మర్నాడు దశమి. ఐదుగురి చేతులు మృదంగం మీద పడ్డాయి. ఎస్తేరు చెయ్యి పెట్టలేదు గురువుగారు. ఈ పిల్లకూ పెట్టేస్తే ఏం పోతుందని నాకనిపించింది, అడిగాను కూడా. నోట్లోకి రానీ, వస్తుంది అన్నారు. నీదీ అదే పాఠం తల్లీ, కొంచెం ఎక్కువ రోజులు అని పిల్లతో చెప్పారు. ఎస్తేరు కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ, మర్నాడు ఆరింటికల్లా వచ్చి చాప మీద తన చోట కూర్చుంది.

ఆ రోజు నుంచి పాఠం మొదలుపెట్టే ముందు దాని గడ్డం కింద చెయ్యి పెట్టడం నా పని. మొదట్లో గురువుగారు చెప్పారని పెట్టాను. తర్వాత నాకే తెలుసుకోవాలనిపించింది. పిల్లల నోళ్లు చూడ్డం ఒక పిచ్చి కింద పట్టుకుంది నన్ను. పక్కింట్లో తొమ్మిది నెలల పసివాడు బబబ అంటుంటే వెళ్లి కూర్చునేవాణ్ణి. వాడికి దవడే అన్నీ. తెరవడం, మూయడం, అందులోంచి ఎంత మాట వస్తే అంత. వాళ్ల అక్కకు రెండేళ్లు దాటాయి, దాని పెదవులు వేరే పని నేర్చుకున్నాయి. మా దగ్గర పదేళ్లవాడికి నాలుక మొన వేరుపడింది. పద్నాలుగేళ్ల అప్పన్నకు అన్ని అక్షరాలూ వచ్చు, అయినా పాఠం పొడుగైతే వాడి నాలుకా ఎక్కడో ఒకచోట కాలు జారేది. ఇంటి పనిలో ఒక్కొక్కళ్లే చేతికి అందివచ్చినట్టు నోట్లో ఒక్కొక్కటీ అందివస్తుంది. ఎన్నేళ్ల పని అది! ఆ పనంతా దాటి వచ్చి, దాటినట్టే తెలియకుండా బతికేస్తున్నాం మనం.

ఎండాకాలం పోయేసరికి ఎస్తేరుకు ట కుదిరింది. రి మాత్రం వచ్చి పోతుండేది. ఒంటిగా తరి అంటే వచ్చేది, పాఠంలో పెడితే పారిపోయేది. అలిసిపోయిన రోజు రాదు. బాగా హుషారుగా ఉన్న రోజూ రాదు. నిన్న నాలుగుసార్లు వస్తే ఇవాళ ఒక్కసారీ రాదు. ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గర మొరపెట్టుకున్నాను. అప్పటికి ఆయనకు నల్లకళ్లద్దాలు వచ్చాయి. వాటిలోంచి నన్ను చూశారు.

"వచ్చి పోతోందా? అయితే దారి తెలిసిందన్నమాట. రాకపోకలు సాగనీ."

నేను సాగనిచ్చాను. వానలు వచ్చాయి, వెళ్లాయి. జోరు పెంచమని ఆ పిల్లను ఒక్కరోజూ అనలేదు. మళ్లీ చెప్పు అనడం కూడా తగ్గించేశాను. రోజుకు పది ఆవృత్తాలు, నిదానంగా. తర్వాత మేకల కబుర్లు. మేకలతో మొదలుపెడితే ఎస్తేరు ఆపేది కాదు. ఆ కబుర్లలో కూడా నా చెవి అక్షరాల కోసం వెతుకుతుండేది. కొన్నాళ్లకు అదీ మానేసి మేకల సంగతే వినడం నేర్చుకున్నాను.

కార్తీకంలో ఒక పొద్దున మామూలుగానే చెయ్యి పెట్టాను. మామూలుగానే చెప్పింది. నాలుగో ఆవృత్తంలో నా అరచేతిలో ఏదో తేడా. గడ్డం దాదాపు కదలడం లేదు. నా చేతికి ముందు తెలిసింది, చెవికి తర్వాత తెలిసింది. తరికిట అంటోంది. తకిట తరికిట అంటూ ఆపకుండా వెళ్లిపోయింది. ఏం జరిగిందో దానికి తెలియదు. నేను మళ్లీ అనమనలేదు. నోరు నొక్కేసుకుని, ఇవాళ్టికి చాలు అని పంపేశాను. పెరట్లోకి వెళ్లి బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకని అడిగితే సంతోషమనే చెప్పాలి. సంతోషంతో పాటు, ఆ పిల్ల నన్ను క్షమించిందో లేదో అడిగే వీల్లేకపోవడం కూడా ఉంది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత గురువుగారితో చెప్పాను. రేపు తలంటి పోసుకుని రమ్మను, యాకోబును కూడా రమ్మను అన్నారు.

మర్నాడు పొద్దున మృదంగం చాప మీద పెట్టి ఉంది. ఎస్తేరు నూనె కారుతున్న రెండు జడలతో వచ్చి దాని ముందు కూర్చుంది. యాకోబు మెట్ల మీదే కూర్చోబోతే గురువుగారు పైకి రమ్మని చాప చూపించారు. అతను చాప అంచున ఒద్దికగా కూర్చున్నాడు. చెయ్యి పెట్టించడానికి గురువుగారు లేస్తారని నేను ఆయన కుర్చీ దగ్గరకు వెళ్లాను. ఆయన లేవలేదు.

నువ్వు పెట్టు అన్నారు.

ఆ ఇంట్లో ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యని పని అది. వెళ్లి ఎస్తేరు పక్కన కూర్చుని, దాని కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మూడు వేళ్లు దగ్గరకు చేర్చి, మూత మధ్యన ఉండే నల్లటి కరణి మీద ఆనించి, కొట్టమన్నాను.

ధబ్బుమంది. మణికట్టు తిరగలేదు, వేళ్లు విడివడలేదు. దెబ్బ ఎక్కడో భుజం దగ్గర బయలుదేరి, మోచేతిని లేపి, చెయ్యి మొత్తాన్ని ఈడ్చుకుంటూ తోలు మీదకు తెచ్చి పడేసింది. మరోసారి కొట్టింది. అలాగే ధబ్బుమంది. పిల్ల నా ముఖంలోకి చూసింది. 

"ఎక్కణ్ణించి వస్తోంది?" అన్నారు గురువుగారు కుర్చీలోంచి.

"భుజం నుంచండి."

"మరి?"

"రానివ్వండి. తొందరేం లేదు" అన్నాను. పిల్లతో, బావుందమ్మా, ఇంకోటి కొట్టు అన్నాను.

గురువుగారు కళ్లద్దాలు తీసి పైపంచెతో తుడుచుకుంటున్నారు. ఆయన నాకు నేర్పినవన్నీ ఒక్కసారిగా గుండెల్లోకి వచ్చి పడ్డాయి. పదకొండేళ్లలో ఏనాడూ సరిగ్గా ఒక దండం పెట్టలేదు ఆయనకు. ఇప్పుడే, ఈ క్షణమే ఆ కాళ్ల మీద పడాలనిపించి లేవబోయాను.

"కూర్చో కామేశం" అన్నారాయన. "పిల్ల చెయ్యి నీ చేతిలో ఉంది."